నీడ పొడుగయ్యే కథ

మా వదిన ఒకటో తరగతి టీచరు. బడి తెరిచిన మొదటి రోజు పిల్లలకు ఏ కథ చదవాలా అని ఆవిడ పడే అవస్థ చూస్తే, ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నా ఇంత హడావుడి ఉండదనిపిస్తుంది. సెలవులు సగమయ్యాయంటే చాలు, బీరువాలో పుస్తకాలన్నీ కిందికి దింపుతుంది. వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకుని, నేను కూరగాయలు తరుగుతుంటే పైకి చదివి వినిపిస్తుంది. నా చేతిలో కత్తి ఆగిందా, ఆ కథ పాసు. ఆగలేదా, పుస్తకం మళ్ళీ బీరువాలోకే.

నేనెవరంటారా? మొగుడితో పడక పుట్టింటికి తిరిగొచ్చేసిన ఆడపడుచుని. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, మా అన్నయ్య పోయాక ఆవిడకి ఆ అర్ధమే మిగిలింది. మా ఇద్దరికీ పొద్దున లేస్తే ఏదో ఒక గొడవ ఉంటుంది. అలాగని ఆవిణ్ణి ఇంకెవరైనా ఒక్క మాటంటే ఊరుకునే రకాన్ని కాదు నేను.

కథల విషయంలో ఆవిడకి పెద్ద పట్టింపులు. మొదటి రోజు కథలో ఎవరూ తప్పిపోకూడదు. తలుపులు మూసుకోకూడదు. అమ్మ బయటికెళ్తే ఆఖరి పేజీలోగా తిరిగి రావాలి. "అమ్మ వేలు వదిలి అప్పుడే లోపలికొచ్చిన పిల్లలు కదా, వాళ్ళకి వేరే భయమే ఉండదు," అనేది. అందుకే ఎన్ని కథలు మారినా చివర్లో మాత్రం దూడ కథ ఉండాల్సిందే. అది ఏ పుస్తకంలోదీ కాదు, ఆవిడ అల్లిందే. తల్లి మేతకెళ్తే దూడ కొట్టంలో కూర్చుని కాకినీ, కుక్కనీ, పిల్లినీ అడుగుతుంది, మా అమ్మ ఎప్పుడొస్తుందని. నీ నీడ పొడుగయ్యాక వస్తుందంటాయి అవి. "నీడ పొడుగైందా?" అని వదిన అడిగితే "ఇంకా లేదు!" అని క్లాసంతా అరవాలి. అలా అరిచీ అరిచీ పిల్లలు ఏడుపు మర్చిపోతారు. ఆఖర్న నీడ పొడుగవుతుంది. అమ్మ వచ్చేస్తుంది.

ఇంకో పట్టింపు కూడా ఉంది. కొందరు తల్లులు "ఇక్కడే గేటు దగ్గరుంటా కన్నా" అని చెప్పి మెల్లగా జారుకుంటారు. వదిన ఊరుకోదు. వీధి మలుపు దాకా వెళ్ళి మరీ వెనక్కి పిలుచుకొస్తుంది. "ఇప్పుడు వెళ్తున్నా, సాయంత్రం వస్తా అని పిల్లాడి మొహం చూసి చెప్పండి. ఏడిస్తే ఏడవనీ. మొదటి రోజే అబద్ధమాడితే ఇంక మనల్ని నమ్మరు," అంటుంది. ఎంతమంది తల్లులు ఆవిణ్ణి రాక్షసి అని తిట్టుకున్నారో!

అలాంటి మనిషి ఇంట్లో ఏం చేసిందో చెప్తాను వినండి.

ఈ వేసవిలో మా కోడలు, అంటే వదిన కొడుకు పెళ్ళాం, జ్వరమని ఆసుపత్రికి తన కాళ్ళమీద తను నడిచి వెళ్ళింది. తిరిగి రాలేదు. బంగారంలాంటి పిల్ల. ఇప్పటికీ తన చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, తీసే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు దాని కూతుర్ని వాళ్ళ పిన్ని ఇంటికి పంపేశాం. పొట్టిగా గుండ్రంగా ఉంటుందని ఆ పిల్లని బుడంకాయ అంటాం. అన్నీ అయ్యాక తీసుకొస్తే, వస్తూనే "అమ్మేది?" అంది.

వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. గుడ్లనీళ్ళు కుక్కుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు. వదిన "ఊరెళ్ళిందమ్మా" అంది. మర్నాడూ అదే అంది. ఒకరోజు పిల్ల ముద్ద ముట్టనని మొండికేస్తే, "బడి తెరిచేసరికి వచ్చేస్తుందిలే, తిను," అనేసింది. పిల్ల గబగబా తినేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఊరందరి తల్లుల్నీ నిలబెట్టి నిజం చెప్పిస్తావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు వదినా. చెప్పేయ్ దానికి."

"చెప్తాను."

"ఎప్పుడు?"

"నోరు రావట్లేదు. నువ్వు మాత్రం చెప్పకు, నీకు దణ్ణం పెడతాను."

నా నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరికీ తెలుసు. ఈ ఒక్క సంగతి ఎలా దాచానో నాకే తెలీదు. బుడంకాయ నా దగ్గరికొచ్చి, "కోపం నానమ్మా, బడి ఎప్పుడు తెరుస్తారు?" అని అడుగుతుంటే (నా పేరు దాని లెక్కలో అదే) పప్పు డబ్బాలోకి తల దూర్చేదాన్ని.

ఇక కథల వేట మొదలైంది. బుడంకాయ కూర్చోబోయేది వదిన క్లాసులోనే మరి. మిగతా పిల్లలందరికీ అమ్మ వచ్చే కథ కావాలి. ఈ ఒక్కదానికి అది పనికిరాదు. అసలు అమ్మే లేని కథ కోసం ఆ బీరువాని కిందా మీదా చేసింది మా వదిన. దొరికితేనా! పిచ్చుక కథలో అమ్మ. చేపపిల్ల కథలో అమ్మ. మిఠాయి దొంగ కథ ఒకటి హాయిగా నడుస్తోంది కదా అనుకుంటే ఆఖరి పేజీలో వాడి తల్లి వచ్చి చెవి మెలేసింది. వదిన పుస్తకం మూసి, ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఉల్లిపాయల మీదకి తోసేసి.

చివరికి తుమ్ములు ఆగని ఏనుగు కథొకటి దొరికింది. నా కత్తి ఆగలేదు.

"చప్పగా ఉంది," అన్నాను.

"చప్పగానే ఉండనీ," అంది.

"దానికి కావాల్సింది కథ కాదు వదినా."

"నాకు తెలుసు. నోర్మూసుకుని తరుగు."

మొదటి రోజు బుడంకాయని బడికి నేనే తీసుకెళ్ళాను. రెండు జడలు వేయించుకుంది. దారంతా "అమ్మకి నా కొత్త బ్యాగు ముందు చూపిస్తా" అంటూనే ఉంది. దాన్ని లోపలికి పంపి, వరండాలో కిటికీ దగ్గర, వెళ్తున్నామని చెప్పేసి కూడా కదల్లేని తల్లుల మధ్య నిలబడ్డాను.

వదిన ఏనుగు కథ ఎత్తుకుంది. మూలనున్న ఒకడు మొదలుపెట్టాడు, "అమ్మా" అని. వాడి పక్కది అందుకుంది. చూస్తుండగానే క్లాసంతా ఒకటే గోల. ఏనుగు తుమ్ముతుంటే వినేవాడే లేడు. ఇన్నేళ్ళలో ఆవిడ క్లాసు చెయ్యిదాటడం నేనెప్పుడూ చూడలేదు. హెడ్మాస్టరు కూడా తొంగి చూసి వెళ్ళాడు.

అప్పుడు బుడంకాయ లేచి నిలబడింది. "ఏనుగు వద్దు నానమ్మా. దూడ కథ చెప్పు. అందరూ ఊరుకుంటారు."

వదిన కిటికీలోంచి నావైపు చూసింది. నేనేం చెయ్యను? తల దించుకున్నాను. ఆవిడ పుస్తకం పక్కన పెట్టి దూడ కథ మొదలుపెట్టింది. నీడ పొడుగైందా? ఇంకా లేదు! నీడ పొడుగైందా? ఇంకా లేదు! ఒక్కొక్కరే కళ్ళు తుడుచుకుని అరవసాగారు. ఆఖరికొచ్చేసరికి వదిన "నీడ పొడుగైంది, అమ్మ..." అని ఆగిపోయింది.

"వచ్చేసింది!" అని క్లాసంతా అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది మా బుడంకాయ.

సాయంత్రం గంట కొట్టారు. తల్లులొచ్చి ఒక్కొక్కర్నీ ఎత్తుకెళ్ళారు. బుడంకాయ బ్యాగు గుండెకి అదుముకుని గేటు దగ్గరే నిలబడింది. "పద తల్లీ" అని చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. గేటు మూసే మనిషి తాళం పట్టుకుని ఓపిగ్గా చూస్తున్నాడు. పిల్ల ఒకసారి వీధివైపు, ఒకసారి నేలవైపు చూసుకుంటోంది. దాని నీడ వెళ్ళి గోడకి తగులుతోంది.

వదిన క్లాసు తాళం వేసి వచ్చింది.

"పొడుగైంది నానమ్మా," అంది బుడంకాయ, నేల చూపించి.

వదిన మట్టిలోనే కూలబడింది. పిల్ల మొహంలో మొహం పెట్టి, "అబద్ధం చెప్పానమ్మా. అమ్మ ఊరెళ్ళలేదు. అమ్మకి జ్వరం తగ్గలేదు. చనిపోయింది. ఇంక రాదు," అంది. ఒక్క ముక్క కూడా మింగకుండా చెప్పింది. నేను మెచ్చుకోవాల్సిందే, కానీ అప్పుడు నాకు కోపమే వచ్చింది, ఇంత ఆలస్యంగానా అని.

బుడంకాయ ఏడవలేదు. "రేపు?" అంది.

"రేపూ రాదు."

"కథలో వచ్చిందిగా?"

"అది దూడ వాళ్ళమ్మ."

వదిన చేతులు చాచింది. బుడంకాయ ఆ చేతుల్లోకి వెళ్ళలేదు. వెనక్కి జరిగి, నా దగ్గరికొచ్చి, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని తలెత్తింది.

"నిజమేనా, కోపం నానమ్మా?"

వదిన చాచిన చేతులు అలాగే ఉన్నాయి.

"నిజమేనమ్మా," అన్నాను.

అప్పుడు ఏడ్చింది.