మూడు బెల్లు కొడితే

మొన్న మా కోడలు చిలుక బొమ్మలున్న పుస్తకం, రంగు పెన్సిళ్ళు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "రంగులేస్తా ఉంటే మతిమరుపు రాదంట అత్తా" అంది. రెండుసార్లు కళ్ళజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయినందుకు నాకీ శిక్ష. చిలుక పచ్చగా ఉంటుందని ఈ వయసులో నాకొకరు నేర్పాలా! ఒళ్ళు మండింది. ఆ మంటలోనే పెదనాన్న గుర్తొచ్చాడు.

పెదనాన్న కె.జి.ఎఫ్. బంగారు గనిలో వైండింగ్ డ్రైవరు. కూలీలను బోనులో పాతాళానికి దించి, మళ్ళీ పైకి తెచ్చే ఇంజను ఆయన చేతిలో ఉండేది. కింద నుంచి వచ్చే బెల్లే ఆయనకు మాట. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే దించాలి. మూడు కొడితే బోనులో మనుషులున్నారని, మెల్లగా నడపాలని. గని మూతపడిన కొన్నేళ్ళకు ఆయనకు మా పేర్లు పోయాయి, తరువాత పెద్దమ్మ పేరూ పోయింది. తెల్లవారగానే షిఫ్టుకని బయలుదేరి, తాళం వేసిన గని గేటు ముందు నిలబడి అరిచేవాడు. మాలూరు ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్ళబ్బాయి, అంటే మా అన్న, బెంగళూరులో ఏదో వృద్ధాశ్రమంలో చేర్పిస్తానని పట్టుబట్టాడు.

పెద్దమ్మ మొండిఘటం. వంటింటి దూలానికి పాత బావిగిలక కట్టించి, తాడుకు వెదురుబుట్ట తగిలించి, రెండో కొస పెదనాన్న చేతికిచ్చింది. పూజగంట తను పట్టుకుని కూర్చుంది. ఇక పొద్దస్తమానం ఎర్రగడ్డలూ టమాటాలూ అటకెక్కడం, దిగడం. పెదనాన్న గేటు మాటే ఎత్తలేదు. ఇరుగుపొరుగు నవ్వితే పెద్దమ్మ తగ్గేది కాదు. "నవ్వుకోనీ. ఆయప్ప డ్యూటీలో ఉండాడు" అనేది.

ఒక ఆదివారం అన్న టాక్సీ తీసుకుని వచ్చేశాడు. బుట్టను చూసి, "ఇదేం పిల్లలాట!" అని గంట లాక్కుని, కోపంతో టంగు టంగున మూడు కొట్టాడు. బుట్టలో ఉన్నవి టమాటాలు. పెదనాన్న తాడు బిగించి పట్టి, బుట్టలోకి తొంగి చూశాడు.

"ఎవురప్పా మూడు కొట్టింది? మనుషులు యాడ? తప్పు బెల్లు కొడితే నా చేతిలో ప్రాణాలు పోతాయి. ఇంగ నువ్వు బెల్లు ముట్టొద్దు!"

పెద్దమ్మ లేచి గంట వెనక్కి తీసుకుంది. "నీ పేరు మరిచినాడని కదా పంపిస్తానంటివి? ముక్కూ మొహం తెలీనోళ్ళ ప్రాణాలు మరిచినాడా? యాడికీ పంపేది లేదు, పో."

అన్న పోలేదు. కన్నతండ్రి ముందు చేతులు కట్టుకుని, "తప్పయిపాయ సార్" అన్నాడు. గడపలో నిలబడి చూస్తున్న నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. టాక్సీ ఖాళీగా తిరిగిపోయింది.

తరువాత నాలుగేళ్ళకు పెదనాన్న ఆ ఇంట్లోనే, పెద్దమ్మ పక్కనే పోయాడు. కాలం మనిషి దగ్గర పేర్లు, ముఖాలు, దారులు ఎన్నయినా గుంజుకుంటుంది. అడిగినవన్నీ చేతులెత్తి ఇచ్చేయాలని మాత్రం ఎక్కడా రాసి లేదు.