బూబమ్మవ్వ చెయ్యి తప్పలేదు

నా చిన్నప్పుడు మా వీధిలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా మొదట పరిగెత్తేది ఆస్పత్రికి కాదు, పక్కింటి బూబమ్మవ్వ దగ్గరికి. బంగారుపాళ్యం దగ్గర మామిడితోటల నడుమ మా ఊరు. ఆస్పత్రి కావాలంటే చిత్తూరుకు పోవాలి. పేగు జరిగిందో, అజీర్తి చేసిందో బూబమ్మవ్వ చేత్తో తడిమి చెప్పేది. గోరువెచ్చని ఆముదం రాసి, బొడ్డు చుట్టూ బొటనవేళ్లతో నొక్కుతూ తోమేది. మెలికలు తిరిగిపోతూ వచ్చినవాళ్లు కాసేపటికి లేచి కూర్చునేవాళ్లు. పాలు తాగని పసిబిడ్డలను ఎత్తుకుని తల్లులు, కాయలు కోసే కూలీలు, అందరూ ఆమె అరుగు మీదికి వచ్చేవాళ్లే. తన హస్తవాసి గురించి ఆమె కొంచెం గొప్పలు పోయేది కూడా. పోనీ, ఆ గొప్ప ఆమెకు చెల్లింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. చెయ్యి వేసేముందు ఏం తిన్నారు, ఏం తాగారు అని తప్పకుండా అడిగేది. అడిగేది నొప్పి ఉన్న మనిషిని కాదు, ఆ ఇంటి పిల్లల్ని. "పెద్దోళ్లు సిగ్గుకు అబద్ధం సెప్తారు, బిడ్డలు సెప్పరు" అనేది. నశ్యం పీల్చి పీల్చి ఆమె ముక్కుకు వాసన తెలియకుండా పోయింది. అందుకే పిల్లల మాటే ఆమెకు ఆధారం. సారా తాగిన కడుపు మీద మాత్రం చచ్చినా చెయ్యి వేసేది కాదు. లోపల పుండు ఉంటే, నొక్కితే ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు ఎవరు నేర్పారో గానీ బాగా తెలుసు.

మా నాయన మామిడితోట కావలి. మంచివాడే, సారా ముట్టనంతసేపు. తాగి వచ్చి రెండుసార్లు మా అమ్మ మీద చెయ్యి చేసుకున్నాక, మా తాతయ్య ఆయన్ను కాణిపాకం తీసుకుపోయి వినాయకుడి ముందు ఇక తాగనని ప్రమాణం చేయించాడు. మా వైపు ఆ ప్రమాణం ఆటలు కాదు. తప్పినవాడు బాగుపడడని నమ్మకం. తప్పాడని నలుగురికీ తెలిస్తే ఆ ఇంటి మాటకు ఊళ్లో విలువే ఉండదు. అది అయ్యాకే మా అమ్మ మళ్లీ నవ్వడం మొదలుపెట్టింది.

నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. కాయలు కోసే కాలం. మధ్యాహ్నం నేను సంగటి తీసుకుని తోటకు పోతే, మా నాయన కడుపు పట్టుకుని ముడుచుకుని పడి ఉన్నాడు. పక్కన సీసా. అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనే నాటుసారా. దాన్ని ఆయన పొద్దున్నుంచి పరగడుపున తాగాడు. నా చెయ్యి పట్టుకుని, "ఎవురికీ సెప్పొద్దు పాపా, దేవుడి ముందర మాటిచ్చినోణ్ణి. పచ్చికాయలు తిన్నాడని సెప్పు, నీకు పుణ్యముంటాది" అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి. ఆ ఏడుపు చూశాక నేను ఇంకేమీ ఆలోచించలేదు. సీసాను నేనే కాలవలో పారేశాను. ఆయన వాసన పోయేందుకు మామిడాకులు నమిలాడు.

ఇంటికి చేరేసరికి మా అమ్మ ఇంకా కూలి నుంచి రాలేదు. మూలుగు విని బూబమ్మవ్వే ఆముదం వెచ్చచేసుకుని వచ్చింది. ఎప్పటిలాగే నా వైపు తిరిగింది.

"ఏం తిన్నాడే మీ నాయన?"

"పచ్చి మామిడికాయలవ్వా. ఉప్పూ కారం వేసుకోని తిన్నాడు."

ఉప్పూ కారం నా సొంత తెలివి.

"తాగిందేమన్నా ఉండాదా?"

"నీళ్లే."

ఆమె నమ్మింది. నమ్మి, రెండు చేతులూ మా నాయన పొట్ట మీద ఆనించి నొక్కింది. మూడోసారి నొక్కగానే ఆయన గావుకేక పెట్టి రక్తం కక్కుకున్నాడు.

అప్పుడే వాకిట్లోకి వచ్చింది మా అమ్మ. దగ్గరికి రాగానే ఆమెకు సారా వాసన తెలిసిపోయింది. ఒక్క క్షణం నిలబడి, జనం లోపలికి రాకముందే పొయ్యిలోని బూడిద తెచ్చి ఆ కక్కిన రక్తం మీద పోసేసింది. వెనకే మా మేనత్త వచ్చి గుండెలు బాదుకుంది. "ఏం సేసినావే ముసల్దానా, మాయన్నను సంపేసినావు గదా!"

వీధి వీధంతా బూబమ్మవ్వనే చూస్తోంది. ఆమె నన్ను చూసింది. నేను మా అమ్మ చీర వెనక్కి పోయాను. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది.

"నా సెయ్యే తప్పిందమ్మా. ముందు చిత్తూరుకు తీసకపోండి, ఆలస్యం సేయొద్దండి" అంది బూబమ్మవ్వ.

కాయల లారీలో తీసుకుపోయారు. మా నాయన బతికాడు. మళ్లీ సారా ముట్టలేదు కూడా. కడుపులో పుండు ఉందని, సారాతోనే అంత దూరం వచ్చిందని డాక్టరు చెప్పిన సంగతి మాత్రం మా ఇంటి గడప దాటలేదు. బూబమ్మవ్వ అరుగు మీదికి ఇక ఎవరూ రాలేదు. ముసల్ది చెయ్యి పోగొట్టుకుందన్నారు. ఆమె చింతపండు గింజలు తీసే కూలికి పోయింది.

నేను పదో తరగతి పాసయిన ఏడు, ఇక తట్టుకోలేక ఆమె పక్కన పోయి కూర్చున్నాను. "అవ్వా, ఆ పొద్దు నాయన సారా తాగినాడు. నేను అబద్ధం సెప్పినాను" అన్నాను.

ఆమె చింతపండు మీద నుంచి తల ఎత్తలేదు. "తెలుసు. మీయమ్మ బూడిద పోసినప్పుడే తెలిసింది."

నాకు ఏడుపు ఆగలేదు. తల నిమిరి, పోనీలే అంటుందనుకున్నాను. ఆమె నిమరలేదు.

"తెలిసిన నాకు సెప్తావేమే? తెలీనోళ్లకు సెప్పు" అంది.

ఆ మాట నాకు అక్కడికక్కడే అర్థమైంది. చేసేందుకు ధైర్యమే చాలలేదు. తప్పు ఒప్పుకోవడమంటే మన మనసు బరువు దించుకోవడం కాదని, పోయిన పరువు ఎవరిదో వాళ్లకు తిరిగి ఇవ్వడమని, ఇన్నేళ్లలో నా పిల్లలకు చెప్పాను, మనవరాళ్లకు చెప్పాను. చెప్పాల్సిన వీధిలో మాత్రం చెప్పలేదు. నాయన ఉన్నాడని ఆగాను. ఆయన పోయాక అమ్మ ఉందని ఆగాను. ఈ లోపల బూబమ్మవ్వే పోయింది.

పోయిన నెల ఆ వీధికి పోయాను. నాకు డెబ్బై దాటాయి, ఇక ఎవరికి భయపడాలి? అరుగు మీద కూర్చున్న నలుగురు ఆడవాళ్లను పిలిచి, బూబమ్మవ్వ చెయ్యి తప్పలేదమ్మా, అబద్ధం చెప్పింది నేను అని మొత్తం చెప్పాను. ఓపిగ్గా విన్నారు. విని, అందులో పెద్దామె అడిగింది: "బూబమ్మవ్వ అంటే యెవురమ్మా?"