వీపు నిలబెట్టే బిళ్ల

వంగి కూర్చోవడం వల్లే నాకు మెడనొప్పి అని డాక్టరు తేల్చడంతో, ఈ రోజు మధ్యాహ్నం అమ్మను వెంటబెట్టుకుని తిరుపతిలో ఒక సర్జికల్ షాపుకు వెళ్లాను. షాపాయన వీపు నిలబెట్టే సరంజామా చరిత్రంతా కౌంటరు మీద పరిచాడు. వాళ్ల నాయన కాలంలో ఇనుప పట్టీలు కుట్టిన కాన్వాసు బెల్టు, తర్వాత సాగే బెల్టు, ఇప్పుడేమో వీపుకు అతికించుకుంటే వంగినప్పుడల్లా జుయ్యిమనే చిన్న బిళ్ల.

అమ్మ ఆ ఇనుప పట్టీలు తడిమి చూసి, “ఇంత యవ్వారం ఎందుకప్పా? చిన్నప్పుడు ఇది నిక్కి నడస్తా ఉండె. ఆడబిడ్డకి అంత నిక్కుడేందని నేనే తిట్టి తిట్టి తలొంచుకొని నడిచేది నేర్పించినా” అంది గొప్పగా.

“మీలాంటి అమ్మలు సల్లగా ఉండాలమ్మా,” అన్నాడాయన బిళ్లకు బ్యాటరీ వేస్తూ. “మా నాయన కాలం నుంచి ఈ అంగడి నడస్తా ఉండేది మీ వల్లనే.”

అమ్మ దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది. నేను బిళ్ల కొనుక్కుని ఇంటికొచ్చాను. సాయంత్రం నుంచి మామగారు హాల్లోకి వచ్చిన ప్రతిసారీ అది జుయ్యిమంటోంది. ఆయన్ని చూస్తే వంగుతానని ఇన్నాళ్లూ నాకే తెలియదు. మీకైతే ఎవరిని చూస్తే మోగుతుందో చెప్పండి.