పెట్టె మీద బిళ్లను నమ్మని మాస్టారు

మా అమ్మాయి ఉద్యోగం పర్మినెంటైపోయిందండోయ్! ఈ మాట అందరికంటే ముందు వినాల్సింది ఆమెకు నెట్‌వర్క్ పాఠాలు చెప్పిన మాస్టారు. మిఠాయి పొట్లం పట్టుకుని గవర్నర్‌పేటలో ఆయన మేడ మెట్లెక్కాను. పాఠాలు చెప్పే గదికి తాళం వేసి ఉంది. కింద జిరాక్సు కొట్టతను బయటికొచ్చి, “మాస్టారు నిన్న పొద్దున పోయారండీ, నిద్రలోనే” అన్నాడు. పొట్లంతో ఆ మెట్ల మీదే కూలబడ్డాను. సంతోషం సంతోషంగానే ఉంది, ఏడుపు ఏడుపుగానే వచ్చింది.

ఆయన మృదుస్వభావి, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు అని రాస్తే, పైనుంచి నన్నే తిడతారు. ఆయనకి ఈ లోకంలో నచ్చినవి బహు తక్కువ. మెట్ల కింద మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని, పేపరు ముక్కలో నూనె పిండుతూ, “వీడికి శనగపిండి కలపడం రాదండీ, చేతకాని వెధవ” అనేవారు. అంటూనే ఇంకోటి అందుకునేవారు. బజ్జీల అతను నవ్వుతూ పచ్చిమిర్చి ఇంకాస్త వేసేవాడు.

అమ్మాయిని మొదట ఒక పెద్ద ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాను. ఏసీ గదులు, గాజు తలుపులు, మెడకు టైలు. తెర మీద బొమ్మ వేయడం, కింద రాసున్నది పైకి చదవడం, అదే పాఠం! ఇదెందుకండీ ఇలా అని పిల్ల అడిగితే, “అది ఇంటర్వ్యూలో అడగరమ్మా” అన్నారట. అడగనిది తెలుసుకోవడం తప్పన్నట్టు. ఛీ, అవీ చదువులేనా! మానిపించి మాస్టారి దగ్గరకు తీసుకెళితే, ఆయన నన్ను ఎగాదిగా చూసి, “మీ పిల్లకి సర్టిఫికెట్ కావాలా, పని కావాలా?” అన్నారు.

“పనేనండీ.”

“అయితే కూర్చోమనండి. మీరు వెళ్లండి. తండ్రులు కూర్చుంటే పిల్లలు తల ఊపడం తప్ప ఇంకేం చేయరు.”

వెళ్లిపోతానా! తలుపవతల నిలబడి విన్నాను. నేను చదివింది ఎనిమిదో తరగతి. కానీ ఆ పాఠం నాకు కూడా అర్థమైందండీ, ఇప్పటికీ చెప్పగలను.

“మీది ఏ ఊరమ్మా?”

“కంకిపాడు దగ్గరండి. పొలం ఉందండి.”

“పొలానికి నీళ్లెలా వస్తాయి?”

“కాలువలోంచండి.”

“అది ఎవరైనా చెబుతారు. బ్యారేజీ దగ్గర మొదలుపెట్టు.”

పెద్ద కాలువ, అందులోంచి చీలిన కాలువ, పిల్లకాలువ, తూము, బోదె, చేను... పిల్ల ఒక్కటీ వదలకుండా చెప్పింది. మాస్టారు బల్ల మీద చరిచి, “ఇంతే! నెట్‌వర్క్‌లో ఉన్న పెట్టెల సమాచారం అమర్చింది కూడా ఇలాగే” అన్నారు. పెట్టెలంటే ఆయన లెక్కలో కంప్యూటర్లూ, వాటిని కలిపే యంత్రాలూ అన్నీ. ప్రతి చీలికకీ ఒక నంబరు. ఆ నంబర్లు వరసగా చదువుకుంటూ వెళితే ఒక్క సంగతి దగ్గర ఆగుతాం. పెట్టె ఎప్పట్నుంచి నడుస్తోంది, దానిలోంచి ఎంత సమాచారం పారుతోంది లాంటివి అన్ని పెట్టెలకీ ఉమ్మడి కాలువలో దొరుకుతాయి. ఫ్యాను తిరుగుతోందా, లోపల వేడెంత లాంటి సొంత సంగతులు, ఆ పెట్టె చేసిన కంపెనీకి కేటాయించిన కాలువలో ఉంటాయి. ఆ కాలువలో ఏ నంబరుకి ఏ అర్థమో కంపెనీవాళ్లు రాసిచ్చే ఫైలుని మిబ్ అంటారు. అది లేకపోతే వచ్చేవి ఉత్త అంకెలే.

“చాలామంది ఉమ్మడి కాలువ ఒక్కటి చూసి, తెర మీద పచ్చ దీపం వెలిగింది కదాని టీ తాగడానికి పోతారు. వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట” అనేవారు మాస్టారు.

మా బావమరిది ఒకడున్నాడు, ఏమీ తెలియకుండా అన్నీ చెబుతాడు. “నెట్‌వర్కంటే కేబుల్ టీవీ వైర్లు లాగడమేగా బావా, ఆడపిల్లకి స్తంభాలెక్కే చదువెందుకు?” అన్నాడు. మాస్టారికి చెబితే, “ఆయన్ని ఒకసారి తీసుకురండి, స్తంభానికి కట్టేద్దాం” అన్నారు.

అమ్మాయికి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగమొచ్చింది. అక్కడి పెట్టెలన్నిటినీ తెర మీద కనిపెట్టుకుని ఉండడమే పని. కానీ టెంపరరీ. గడువు ముగిసే రోజుల్లో, రోగుల స్కానింగు బొమ్మలు దాచే కొత్త పెట్టె ఒకటి కొన్నారు. దాని లోపలి సంగతులు ఎంతకీ రావడం లేదు. అమ్మిన కంపెనీ కుర్రవాడు, ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకున్న మహానుభావుడు, “మా పెట్టె ఆ వివరాలు ఇవ్వదండీ, కావాలంటే మా సాఫ్ట్‌వేర్ వేరే కొనండి” అన్నాడు. తను అమ్మే సరుకు లోపల ఏముందో తనకే తెలియదు, అయినా ఎంత ధీమా! పై ఆఫీసరుగారు తలాడించారు. మా పిల్ల మాత్రం, “వస్తాయి సార్, నేను తెప్పిస్తాను” అనేసింది. “అయితే తెప్పించు, అప్పుడే నీ పర్మినెంటు సంగతి చూద్దాం” అన్నారాయన.

పిల్ల ఆ కంపెనీ మిబ్ ఫైలు తెచ్చి తన కంప్యూటర్లో వేసింది. ఏమీ రాలేదు. మళ్లీ వేసింది. రాలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని కూడా కలపకుండా చూస్తుంటే, మా ఆవిడే మాస్టారికి ఫోను కలిపి స్పీకరు పెట్టింది. సంగతంతా విని ఆయన మండిపడ్డారు.

“పెట్టె మీద అంటించిన కంపెనీ పేరు బిళ్ల చూసి ఫైలు వేశావా? ఏమ్మా, మీ చేనుని ఊళ్లో ఏమంటారు?”

“మునసబుగారి చేనంటారండి.”

“మునసబుగారున్నారా?”

“లేరండి. మా తాతగారు ఎప్పుడో కొనేశారు.”

“మరి మీ తాత పేరు పెట్టి పిలవరే? ఇదీ అంతే. ఒక కంపెనీని ఇంకో కంపెనీ కొంటుంది, పైన బిళ్ల మారుస్తుంది. లోపలి నంబరు మార్చే ఓపిక ఎవరికుంది? నా సొంత కాలువ ఫలానా అని చెప్పే నంబరొకటి ఉమ్మడి కాలువలోనే ఉంటుంది. ముందు అది అడుగు. పెట్టె అబద్ధం చెప్పదు, బిళ్లలు చెబుతాయి.”

“థాంక్సండీ మాస్టారూ. ఆఫీసరుగారు పర్మినెంటు చేస్తానన్నారండి.”

“అన్నారా! ఆ నోటి మాటలు నాకు చెప్పకు. కాగితం చేతికొచ్చాక మాట్లాడు.” టక్కున పెట్టేశారు.

సోమవారం పిల్ల పెట్టెనే అడిగింది. ఈ కంపెనీవాళ్లు ఎప్పుడో కొనేసిన పాత కంపెనీ నంబరు వచ్చింది. ఆ పాత కంపెనీ ఫైలు వెతికి వేస్తే, అంకెలన్నీ పేర్లయి వరసగా నిలబడ్డాయి. అందులో ఒక ఫ్యాను ఆగిపోయి ఉంది! బొమ్మలన్నీ దాచిన పెట్టె లోపల వేడెక్కిపోతుంటే తెర మీద పచ్చ దీపం. చొక్కా మహానుభావుణ్ణి పిలిస్తే, “అది మామూలేనండీ” అన్నాడట. మామూలేనట! ఆఫీసరుగారు ఆ పూటే ఫ్యాను మార్పించారు.

ఫ్యాను మార్చిన సంగతి మాస్టారికి చెప్పమన్నాను. “కాగితం రానీ నాన్నా, లేకపోతే తిడతారు” అంది. నిజమే, తిట్టేవారు. కాగితం నిన్న సాయంత్రం వచ్చింది. ఆయన నిన్న పొద్దుననే వెళ్లిపోయారు.

చదివేవారికి నాదొక విన్నపం. ఆయన తిట్టినవాళ్లని నేనూ తిడుతూనే ఉంటాను, పెద్దవాడినని ఆపకండి. ఆయన తిట్లలో ఒక్కటీ ఒట్టిది కాదు. పిల్ల కాగితం మాత్రం ఇప్పటికి పదిసార్లు ముద్దు పెట్టుకుని ఉంటాను.

ఇక ఈ రెండు కబుర్లూ చెప్పాల్సినవాళ్లు. ఉయ్యూరు పెద్దక్కయ్యకి, చెవుడు కాబట్టి ఎవరైనా ఇంటికెళ్లి చెప్పాలి. గుడివాడ తోడల్లుడికి, ఆయన ముందు నమ్మడు, కాగితం ఫొటో పంపాలి. అవనిగడ్డ మేనత్తకి, పిల్ల జాతకంలో ఉద్యోగం లేదన్నది ఆవిడే. బందరు చిన్నాన్నగారి పిల్లలందరికీ. మాస్టారి భార్యగారికి ఉద్యోగం కబురు ఒక్కటే, ఆవిణ్ణి కూడా ఇకనుంచి బంధువుల్లోనే రాసుకుంటున్నాను. ఆవిడకి అమ్మాయే వెళ్లి చెప్పింది. విని, గబగబా లోపలికెళ్లి పంచదార డబ్బా తెచ్చారట. మైల ఇంట్లో ఎవరి నోటా తీపి పెట్టకూడదని అప్పుడు గుర్తొచ్చి, మూత తీయకుండా డబ్బా ఒళ్లో పెట్టుకుని, దాని మీద చేయి వేసి అలాగే కూర్చుండిపోయారట.