దోసెడు రాళ్ళ టికెట్టు

మధ్యాహ్నం అన్నం తిన్నాక కునుకు పట్టే వేళకు నాకు ఇప్పటికీ ఒక చప్పుడు వినిపిస్తుంది. హాకీ స్టిక్కు బంతికి తగిలే చప్పుడు. టక్కుమని ఒకసారి, కాస్త ఆగి కొండ వైపు నుంచి ఇంకోసారి. మా కాలేజీ గ్రౌండు తిరుపతిలో అలిపిరికి పోయే దారి పక్కనే ఉంది. కొండ దగ్గర కాబట్టి అక్కడ ఏ దెబ్బా ఒక్క చప్పుడుతో పోదు. చదువుకునే రోజుల్లో ఆ రెండో చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చునేవాణ్ణి. ఇప్పుడు పడక్కుర్చీలో వాలి వింటున్నాను. కళ్ళు మూసుకుంటే ఎర్రమట్టి, సున్నం గీతలు, గీతల అవతల జనం. కళ్ళు తెరిస్తే ఫ్యాను.

ముందే చెప్పేస్తాను, నేను ఒక్కరోజు కూడా హాకీ ఆడలేదు. స్టిక్కు పట్టుకుంటే చీపురు పట్టుకున్నట్టు ఉందని నవ్వారు, అంతటితో వదిలేశాను. నేను చూసేవాణ్ణి. చూడడం కూడా ఒక పనే అని నా నమ్మకం, ఎవరైనా కాదంటే ఇప్పటికీ పోట్లాటకు దిగుతాను. పాకాల నుంచి రోజూ రైల్లో వచ్చి చదువుకునేవాణ్ణి. మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం బండి తప్పిపోయేది. తర్వాతి బండి కోసం పడిగాపులు కాసి ఇల్లు చేరితే నాయన తిట్టేవాడు కాదు. గెలిచినారా అని మాత్రం అడిగి, దీపం తగ్గించి పడుకునేవాడు.

ఆ గ్రౌండుకు ఒక ఆచారం ఉండేది. కొండ కింది నేల కదా, వాన పడ్డప్పుడల్లా మన్ను కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలేవి. ఎన్ని ఏరినా తరిగేవి కావు. అందుకని మ్యాచ్ చూడవచ్చిన ప్రతివాడూ గేటు నుంచి గ్రౌండుకు అడ్డంగా నడిచి, దోసెడు రాళ్ళు ఏరి, అవతలి గోలు వెనక కుప్పలో పోసి, ఆ తర్వాతే కూర్చోవాలి. అదే టికెట్టు. ఆటల మాస్టారు మెడలో విజిలుతో గేటు దగ్గర నిలబడేవాడు. ఖాళీ చేతులతో కూర్చుంటే లేపేవాడు. ప్రిన్సిపాల్ పంచె ఎగ్గట్టి రాళ్ళు ఏరడం నేను కళ్ళారా చూశాను. అంతమంది వరసగా వంగి కదులుతుంటే మళ్ళో నాట్లు వేస్తున్నట్టు ఉండేది. ఆ తర్వాత ఆట మొదలై, మేం ఏరిన నేల మీద బంతి జారిపోతుంటే, పడిన ప్రతి గోల్లో నా దోసెడు వాటా ఉందని గర్వపడేవాణ్ణి.

కుప్ప పెరిగి పెరిగి చిన్న గుట్ట అయింది. దాని మీద కూర్చుంటే గోలు ఎదురుగా కనిపించేది కాబట్టి అక్కడ చోటు కోసం తగాదాలు. అలాంటి తగాదాలోనే నాకొక స్నేహితుడు దొరికాడు. పూతలపట్టు మనిషి. తర్వాత చిత్తూరులో బెల్లం మండీ పెట్టుకున్నాడు, నేను బ్యాంకులో చేరాను, ఇద్దరికీ తల నెరిసింది. ఏ ఏడాదీ మ్యాచ్ మాత్రం మానలేదు. ఆయన చిత్తూరు నుంచి బస్సులో దిగేవాడు, ఒక జేబులో వేయించిన శెనక్కాయలు, ఒక జేబులో బెల్లం ముక్క. అంపైరును ఆయన తిట్టే తిట్లు కొండకు తగిలి వెనక్కి వచ్చేవి. ఒకసారి తిట్టినా రెండుసార్లు లెక్క అని మురిసిపోయేవాడు.

జనం ఎప్పుడు తగ్గారో చెప్పలేను. నిద్ర పట్టినట్టు తగ్గారు, ఏ క్షణాన పట్టిందో పడుకున్నవాడికి తెలియదు కదా. కాలేజీకి బస్సులు వచ్చాయి, గంట కొట్టగానే పిల్లల్ని ఎక్కించుకొని పోవడం మొదలైంది. అబ్బాయిల జట్టు పోయింది, అమ్మాయిల జట్టు ఒక్కటే మిగిలింది. విజిలు మాస్టారు పోయాడు. ఒకసారి క్యాంటీను గోడ మీద కూర్చొని ఫోను చూసుకుంటున్న కుర్రాణ్ణి మ్యాచ్‌కు రమ్మని పిలిచాను. లింకు ఉంటే పంపండి అంకుల్, చూస్తాను అన్నాడు. తల తిప్పితే కనిపించే ఆటకు లింకు. నాకు కోపం, నా స్నేహితుడికి నవ్వు వచ్చాయి. చివరికి ఆ గుట్ట మీద మేమిద్దరమే మిగిలాం, పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళలాగా.

జనం పోయారు, రాళ్ళు మిగిలాయి. చూసేవాళ్ళు లేరని బాధపడ్డామే గాని, ఏరేవాళ్ళు కూడా వాళ్ళేనన్న సంగతి మాకు తోచలేదు. బంతి నేల మీద పారడం మాని ఎగరడం నేర్చుకుంది. పోయిన చలికాలం ప్రాక్టీసులో ఒక అమ్మాయికి గడ్డం చీలింది. ఈసారి మ్యాచ్ రోజు పొద్దున వచ్చి గ్రౌండు చూస్తామనీ, ఇలాగే ఉంటే ఆట చిత్తూరుకు మారుస్తామనీ అంపైర్లు చెప్పి పోయారు. కెప్టెన్ అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. ఆమెకు అదే చివరి సంవత్సరం. అంతదాకా ఎందుకు, చిత్తూరులోనే ఆడేస్తామని ముందే చెప్పేద్దామనుకుంటున్నాం అంది.

"ఇది మన గ్రౌండు కదమ్మా," అన్నాను.

"మన గ్రౌండే సార్. సూసేవాళ్ళు యాడుండారు? మీ ఇద్దరూ యాడికైనా వస్తారు గదా."

ఆ మాటలో కోపం లేదు, వెక్కిరింపు లేదు. అందుకే ఎక్కువగా తగిలింది. కాలేజీవాళ్ళు అప్పటికే బస్సులు నిలపడానికి చోటు వెతుకుతున్నారు. ఒకసారి ఆట ఆ నేల విడిచిపోతే మళ్ళీ రాదని మాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె ఆడే చోటు పోతుంది, ఇంకో చోట ఆడుకుంటుంది. నేను చూసే చోటు పోతే నాకు ఇంకోటి లేదు. నా స్నేహితుడే, మ్యాచ్ రోజు తెల్లవారుజామున మేం వచ్చి రాళ్ళు ఏరుతాం, అంపైరు చూసి కాదంటే అప్పుడే చిత్తూరుకు పోదాం అని ఒప్పించాడు. ఆ అమ్మాయి మా మోకాళ్ళ వైపు చూసి, జట్టును కూడా తీసుకొస్తానంది.

ఆ తెల్లవారుజాము మంచు ఎంత దట్టంగా ఉందంటే కొండ లేదు. అక్కడ ఎప్పుడూ కొండ లేదేమో, మేమే ఊహించుకున్నామేమో అనిపించింది. గేటు దగ్గర నుంచి వరస కట్టి వంగాం. ఆ అమ్మాయిలు, మేమిద్దరం. చేతికి తగిలే రాళ్ళు చల్లగా, తడిగా ఉన్నాయి. పక్కన వంగినవాళ్ళు మంచులో కలిసిపోయి, రాయి రాయికి తగిలే చప్పుడు మాత్రం వినిపించేది. గోలు వెనక పాత గుట్ట మీద పోసి, మళ్ళీ వచ్చి వంగడం. వెలుగు వచ్చేసరికి చూస్తే మేం ఏరింది గేటు పక్క చీర కొంగంత ముక్క. మిగతాదంతా అలాగే ఉంది. నా స్నేహితుడు నడుం పట్టుకొని కూలబడ్డాడు. నేనూ ఆయన పక్కన కూర్చున్నాను. అంతే, అయిపోయింది అనుకున్నాను. పిల్లలు మాత్రం ఇంకా వంగుతున్నారు.

అప్పుడు రోడ్డు మీద గోవింద నామం వినిపించింది. కాలినడకన అలిపిరికి పోయే యాత్రికులు. పసుపు బట్టలు ముందు కనిపించాయి, మనుషులు తర్వాత కనిపించారు. గ్రౌండుకు రోడ్డు వైపు గోడ చాలా కాలం కిందటే కూలింది. ఆ సందులోంచి ఒక ముసలమ్మ లోపలికి చూసింది. మంచులో వరసగా వంగిన ఆడపిల్లలు, అవతల రాళ్ళ గుట్ట. కొండ దారిలో సొంత ఇల్లు కావాలని రాయి మీద రాయి పేర్చి మొక్కుకోవడం మా వైపు అందరికీ అలవాటు. ఆమెకు వేరే అనుమానం ఎందుకు వస్తుంది? చెప్పులు గోడ దగ్గర విడిచి లోపలికి వచ్చింది. వంగి రాళ్ళు ఏరుకొని, గ్రౌండు దాటి గుట్ట దగ్గరకు పోయి, మూడు రాళ్ళు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి దండం పెట్టుకుంది. తిరుపతిలో నలుగురు వరసలో నిలబడితే అయిదోవాడు ఎందుకని అడగడు, వెనక నిలబడతాడు. ఆమె వెనక ఆమె వాళ్ళు, వాళ్ళ వెనక ఇంకెవరో, చంకన బిడ్డలతో, నెత్తిన మూటలతో.

నేను లేవబోయాను, ఇది గుడి కాదని చెబుదామని. నా స్నేహితుడు చెయ్యి పట్టి లాగాడు. "కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. గమ్మునుండప్పా," అన్నాడు.

కానీ ఆ కెప్టెన్ అమ్మాయి ఊరుకునే రకం కాదు. ముసలమ్మ రెండో దోసెడు ఏరుతుంటే ఎదురుగా పోయి నిలబడింది. "అవ్వా, ఇది మొక్కు కాదు. ఇది మా హాకీ గ్రౌండు. మేం ఆడుకునేదానికి రాళ్ళు ఏరుతుండాం," అంది.

ముసలమ్మ ఆమె మోకాళ్ళ మీది పాత గాయాలు చూసింది. "ఆడుకునే బిడ్డలకు రాయి తగలకుండా తీస్తే అది మాత్రం మొక్కు కాదా పాపా," అని మళ్ళీ వంగింది. విన్నవాళ్ళెవరూ వెనక్కి పోలేదు. పిల్లల కోసమంట అని ఒకరికొకరు చెప్పుకొని ఇంకా వేగంగా ఏరారు.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. మంచు పలచబడింది, కొండ మెల్లగా తన చోటుకు వచ్చింది. గ్రౌండు నిండా జనం. పసుపు పంచెలు, పసుపు చీరలు, వంగిన వీపులు, పరుగెత్తే పసివాళ్ళు. నేను కళ్ళు మూసి తెరిచాను. తెరిచినా జనం ఉన్నారు. ఎన్ని మధ్యాహ్నాలు కునుకులో చూసి పోగొట్టుకున్నానో, ఆ గ్రౌండు అచ్చంగా అలాగే నా ముందు ఉంది. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. నా స్నేహితుడు బెల్లం ముక్క తీసి నా చేతిలో పెట్టాడు, చిన్నపిల్లవాడికి పెట్టినట్టు.

ఎండ వచ్చేసరికి వాళ్ళు మూటలు ఎత్తుకున్నారు. కెప్టెన్ అమ్మాయి గోడ దాకా వెంట పోయింది. సాయంత్రం దాకా ఉండండి అవ్వా, మ్యాచ్ చూసి పోదురు గాని అని బతిమాలింది. చూసేవాళ్ళు యాడుండారని అడిగిన పిల్ల. ముసలమ్మ ఆమె గడ్డం పుణికి, కొండ ఎక్కాలి కదా అని చెప్పి పోయింది. గోవింద నామం అలిపిరి వైపు సన్నగిల్లింది. గుట్ట నిండా చిన్న చిన్న రాళ్ళ ఇళ్ళు మిగిలాయి. అంపైర్లు వచ్చి, గ్రౌండు పొడుగునా నడిచి, ఒకచోట బంతిని దొర్లించి చూసుకొని సరేనన్నారు.

సాయంత్రం మ్యాచ్‌కు మేమిద్దరం ఉన్నాం, వాచ్‌మన్ ఉన్నాడు, బస్సు డ్రైవర్లు కొందరు టీ గ్లాసులతో నిలబడి, గంట కొట్టగానే పోయారు. మేం ఓడిపోయాం. రాళ్ళ నేల మీద ఆడి ఆడి మా పిల్లలకు ఒక అలవాటు పడింది, బంతి ఎగురుతుందని స్టిక్కు కాస్త ముందే లేపుతారు. ఆరోజు బంతి ఎగరలేదు. ఎత్తిన స్టిక్కు కింద నుంచి నేరుగా, నిదానంగా పారిపోయి గోల్లో పడింది. అంత చక్కటి పరుగు ఆ నేల మీద నేను చూసి ఎన్నేళ్ళయిందో. అది మా గోల్లోకే పోతున్నా నోరు తెరుచుకొని చూశాను. నా స్నేహితుడు కూడా అంపైరును ఒక్క మాట అనలేదు.

ఆట అయ్యాక ఓదార్చడానికి మాటలు వెతుక్కుంటూ గుట్ట దిగుతున్నాం. కెప్టెన్ అమ్మాయి స్టిక్కు భుజాన వేసుకొని మా వైపే వస్తోంది. దారిలో ఆగి వంగింది. జారిపోయిన వస్తువేదో వెతుక్కుంటోందనుకున్నాను. మళ్ళీ వంగింది. దోసిలి పట్టుకొని మా పక్క నుంచే పోయి, ముసలమ్మ పేర్చిన మూడు రాళ్ళు కదలకుండా, వాటి పక్కన పోసింది. చేతులు దులుపుకొని మా వైపు తిరిగింది.

"వచ్చే ఏడు నేను ఆడేదిల్లేదు గదా సార్," అంది. "ఈ గుట్ట మీద నాకూ కొంచెం చోటు పెట్టండి."