తమ్ముడి జబ్బు నాలో దొరికింది

మా తమ్ముడికి పదిహేడేళ్ళప్పుడు కిడ్నీలో మొదటి రాయి పడింది. అప్పటికి మేము బొమ్మనహళ్ళికి వచ్చి రెండేళ్ళు. నేను గార్మెంట్స్‌లో మిషను మీద కూర్చునేదాన్ని, వాడు టెంపోకు క్లీనరుగా వెళ్ళేవాడు. నడుము పట్టుకుని రోడ్డు పక్కన పడిపోతే ఎవరో ఆటోలో తెచ్చి దించారు. ఆ తర్వాత ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి అదే నొప్పి, అదే స్కానింగు. మూడు ఆపరేషన్లు అయ్యాయి. ప్రతిసారీ ఒకటే మాట చెప్పి పంపేవారు: టమోటా మానెయ్యి, పాలకూర మానెయ్యి, నీళ్ళు బాగా తాగు. మా అమ్మ ఉలవకట్టు కాచి పోసేది. నేను మార్కెట్టు నుంచి అరటి దూట తెచ్చి రసం తీసి ఇచ్చేదాన్ని. గ్లాసు చేతికిస్తూ తిట్టేదాన్ని కూడా. టెంపోలో తిరుగుతూ నీళ్ళు తాగవు, అందుకే నీకీ గతి అని. ఇరవై ఏళ్ళు అదే తిట్టు తిట్టాను.

వాడికి ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్. మరదలి బ్లడ్ గ్రూపు కలవలేదు. అమ్మ వయసు దాటిపోయింది, నాన్న లేరు. నా గ్రూపు కలిసింది. నా కిడ్నీ ఒకటి ఇస్తానన్నాను. మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే సెలవు పెట్టి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు.

ఏడు నెలలు పరీక్షలు జరిగాయి. రక్తం, గుండె, ఊపిరితిత్తులు, పళ్ళు కూడా చూశారు. స్కానింగులో నా ఎడమ కిడ్నీలో ఆవగింజంత రాయి కనిపించింది. స్కాను తీసినతను ఇది లెక్కలోది కాదన్నాడు. కానీ కిడ్నీ డాక్టరమ్మ, నాకంటే చిన్నదే, రిపోర్టులో ఆ ఒక్క మాట దగ్గర ఆగింది. తమ్ముడికి మొదటి రాయి ఏ వయసులో వచ్చిందని కన్నడలో అడిగింది. చెప్పాను. తీసిన రాళ్ళను ఎప్పుడైనా పరీక్షకు పంపారా అని అడిగింది. ఎవరూ పంపలేదు. ఇప్పుడు వాడి మూత్రం పరీక్షించాలంటే వాడికి మూత్రమే సరిగా రావడం లేదు. తోడబుట్టినదాన్ని కాబట్టి నాది పట్టి తెమ్మంది.

ఐదు లీటర్ల క్యాను ఇచ్చారు. ఒక ఆదివారం పొద్దున ఏడింటి నుంచి సోమవారం ఏడింటి దాకా ఇంట్లోనే ఉండి అందులో పట్టాను. పనికి పోయే రోజుల్లో అది కుదరదు. ఫ్యాక్టరీలో మా మిషన్ల లైనులో ఎవరైనా పూటకు రెండోసారి బాత్రూముకు లేస్తే గడియారం చూసేది సూపర్‌వైజరు. ఆ సూపర్‌వైజరును నేనే. ఎవరూ నన్ను వేలెత్తి చూపకుండా నేను కూడా మధ్యాహ్నం దాకా నీళ్ళ బాటిలు ముట్టుకునేదాన్ని కాదు.

సోమవారం ఆ క్యానును గుడ్డసంచిలో పెట్టుకుని ఆటోలో తీసుకెళ్ళి ఇచ్చాను. అందులో ఏదో ఎక్కువగా ఉందని, ఇంకా పెద్ద ల్యాబుకు పంపుతున్నామని ఫోను చేశారు. మూడు వారాలు గడిచాయి. ఆపరేషన్ తేదీ ఇవ్వడానికే పిలుస్తున్నారనుకుని అమ్మను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను.

డాక్టరమ్మ రిపోర్టును మా వైపు తిప్పింది. ఎల్-గ్లిజరిక్ ఆమ్లం అన్న మాట కింద ఎర్రగా గీత గీసి ఉంది. ఇది చక్కెర జాతి ఆమ్లం అంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "షుగరా? దీనికి షుగరుండాదా?" అంది.

షుగరు కాదని ఆమె ఓపిగ్గా చెప్పింది. ఈ ఆమ్లం మామూలుగా అందరిలోనూ జాడగా ఉంటుందట. దాన్ని మార్చాల్సిన ఎంజైము ఒకటి కొందరిలో పుట్టుకతోనే పనిచేయదట. అప్పుడు ఇది మూత్రంలోకి పొంగి వస్తుంది. దీంతో ఏ హానీ లేదు. హాని చేసేది దీనితోపాటు ఊరే ఆక్సలేటు. ఇంట్లో అందరికీ తెలిసిన ఆ రాళ్ళు దానివే. నా మూత్రంలో రెండూ ఉన్నాయి. అంటే తమ్ముడిదీ ఇదే జబ్బు అయ్యుండాలి, రక్తం తీసి జన్యు పరీక్షకు పంపి ఖాయం చేసుకుందాం అంది.

నేను అడిగింది ఒక్కటే, ఆపరేషన్ ఎప్పుడని.

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నా కిడ్నీ తీసి వాడికి పెడితే, వాడి ఒంట్లో ఊరే ఆక్సలేటు దాన్ని కూడా పాడుచేస్తుంది. ఇక్కడ నాకు మిగిలేది ఒక్కటే, దానికీ ఇదే ముప్పు. తెలియక ఆపరేషన్ చేసి ఉంటే ఇద్దరూ పక్కపక్క మంచాల మీద డయాలసిస్‌కు వచ్చేవారు అంది. తర్వాత అమ్మవైపు చూసి, మీ దంపతులిద్దరూ దగ్గరి బంధువులా అని అడిగింది. అమ్మ నాన్నను చేసుకున్నప్పుడు ఆయన ఆమెకు సొంత మేనమామ. నేనే చెప్పాను. తప్పెవరిదీ కాదు, ఒక్కోసారి ఇలా కలుస్తుందంతే అని డాక్టరమ్మ రెండుసార్లు అంది. అమ్మ చీర కొంగు చివర దారాలు పీకుతూ కూర్చుంది. ఆటోలో ఒక్కటే మాట అంది: "మా అమ్మ ఇచ్చి చేసె. నాకేం తెలుసు."

అమ్మను ఇంటి దగ్గర దించి నేను ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను. లైను పక్కన నిలబడి చొక్కాలు చూస్తూ సరే సరే అని కట్టలు పంపించాను. గంట తర్వాత పక్క లైను ఆమె ఒక కట్ట పట్టుకొచ్చింది. కాలర్లన్నీ తిరగేసి కుట్టి ఉన్నాయి, అన్నిటి మీదా నా సంతకముంది. నాకు ఏమైందని ఆమె అడిగితే, కట్ట తీసుకుని కుట్లు విప్పడం మొదలుపెట్టాను. ఏడు నెలలుగా నేను ఆరోగ్యంగా ఉన్నదాన్ని, వాడు జబ్బుపడ్డవాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నానికి అది మారిపోయింది.

వాడికి మర్నాడు డయాలసిస్. అది ముగిసేదాకా బయట బెంచీ మీద కూర్చున్నాను. సూదులు తీసినచోట దూది నొక్కి పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తేదీ ఇచ్చినారా అక్కా?"

"ఇయ్యలేదప్పా. నాది పనికిరాదంట."

అంతా ముందే అనుకున్నవాడిలా తల ఊపాడు. "యాల? బీపీనా?"

"నీకుండే జబ్బే నాకూ ఉండాదంట. పుట్టుకతోనే, మనిద్దరికీ."

దూది మీద వాడి వేళ్ళు సడలాయి. రక్తం చిమ్మి మోచేతి దాకా కారింది. నేను నా అరచెయ్యి పెట్టి గట్టిగా నొక్కాను. నీకూ రాళ్ళు ఉన్నాయా అని అడిగాడు. ఒక్కటి, చిన్నది అన్నాను. నాకేం కాదని డాక్టరమ్మ చెప్పిందన్నాను. ఆమె అంత గట్టిగా చెప్పలేదు.

"పుట్టుకతోనే అనిందా? ఆయమ్మ ఆ మాట అనిందా?"

"అనింది."

"అట్లయితే నేను నీళ్ళు తాగక తెచ్చుకొనింది కాదు."

నా వైపు చూడకుండానే అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. చొక్కా భుజంతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. మూడు ఆపరేషన్లలోనూ వాడు ఏడవగా నేను చూడలేదు. టెంపోలో సీటు వెనక రెండు లీటర్ల బాటిళ్ళు నాలుగు పెట్టుకుని తిరిగేవాడినని, అత్తిబెలె చెక్‌పోస్టు దాటేలోపు రెండు అయిపోయేవని, చెప్పినా మీరెవరూ నమ్మేవాళ్ళు కాదని అప్పుడు చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు. వాడి చెయ్యి నొక్కి పట్టుకుని అలాగే కూర్చున్నాను, ఇంక వదలొచ్చని నర్సు వచ్చి చెప్పేదాకా.

జన్యు పరీక్ష వచ్చింది. ఇద్దరిదీ అదే. నాకు రోజుకు మూడున్నర లీటర్ల నీళ్ళు, ఉదయం సాయంత్రం మాత్రలు, ఆరు నెలలకోసారి స్కానింగు. ఇంత ఆలస్యంగా ఒక ఆవగింజతో బయటపడటం నా అదృష్టమంది డాక్టరమ్మ. ఒకే కడుపున పుట్టి, ఒకే కంచంలో తిన్న ఇద్దరిలో వాడికెందుకు అంత, నాకెందుకు ఇంత అని అడిగితే, ఆ సంగతి తమకూ పూర్తిగా తెలియదంది. మా పిల్లలకు ఈ జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువట. కానీ వాళ్ళలో వాళ్ళకు సంబంధం కలుపుకోవద్దని గట్టిగా చెప్పింది. నా కొడుక్కి వాడి కూతుర్ని చేసుకోవాలని అమ్మ ఎప్పట్నుంచో అనేది. ఇంటికొచ్చాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను పూటకు ఐదుసార్లు లేస్తాను. మొదటి వారం మేనేజరు నన్ను పిలిచి అడిగితే రిపోర్టు చూపించాను. నా లైనులో ఎవరు ఎన్నిసార్లు లేచినా గడియారం చూడటం మానేశాను. అందుకు టార్గెట్ తగ్గితే మాటలు పడుతున్నాను.

తమ్ముడికి ఆక్సలేటు పేరుకోకుండా డయాలసిస్ వారానికి ఐదు రోజులకు పెంచారు. చనిపోయినవారి అవయవం కోసం జాబితాలో పేరు రాశారు. ఆక్సలేటు ఊరేది ఎక్కువగా కాలేయంలోనట, అందుకే కాలేయం కూడా మార్చాలా, కిడ్నీ ఒక్కటే చాలా అని డాక్టర్లు ఇంకా మాట్లాడుకుంటున్నారు. పోయిన నెల ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది, కిడ్నీ ఒకటి దొరికింది, ఏమీ తినకుండా వెంటనే రమ్మని. మరదలూ నేనూ వాడితో వెళ్ళాం. ఇంకొకరిని కూడా పిలిపించారు, కాలేజీ చదివే వయసు అమ్మాయి. పరీక్షల్లో ఆ అమ్మాయికి బాగా కలిసింది, కిడ్నీ ఆమెకే అన్నారు. ఆమె తండ్రి మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తమ్ముడే లేచి ఆయన భుజం తట్టాడు. కిందికొచ్చి క్యాంటీనులో, డయాలసిస్‌వాళ్ళకు పెట్టిన లెక్క ప్రకారం కొలిచి అరగ్లాసు నీళ్ళు తాగి, ఆకలేస్తాంది అక్కా, రెండు ఇడ్లీ చెప్పు అన్నాడు.