ఆవిరే కదా అన్నాను

మా ఇద్దరిదీ ఒకటే జబ్బు. పీల్చిన ఊపిరి బయటికి రావడానికి మొరాయిస్తుంది. సింగపూర్‌కు సాఫ్ట్‌వేర్ వాళ్ళం గుంపులుగా వచ్చిపడుతున్న రోజుల్లో, ఆసుపత్రిలో శ్వాస వ్యాయామాలు నేర్పే తరగతిలో ఆయన్ని కలిశాను. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి ఇక్కడికొచ్చి స్థిరపడ్డారట. ఓడల మరమ్మతు పనిలో రిటైరై, యీషున్‌లో భార్యతో ఉండేవారు. అంకుల్ అనేవాణ్ణి.

మా మధ్య తేడా ఒక్కటే. ఆయన సిగరెట్ మానేసి రెండేళ్ళయింది. నేను మానేశానని ఇంట్లో చెప్పి, ఈ-సిగరెట్ పీలుస్తున్నాను. ఈ దేశంలో అది నిషిద్ధం. వంతెన దాటి మలేషియా వెళ్ళొచ్చే సహోద్యోగి ఒకడు తెచ్చిపెట్టేవాడు.

ఒక ఆదివారం వాళ్ళ వంటగది కిటికీ దగ్గర దాన్ని బయటికి తీశాను. మామిడిపండు వాసన. అంకుల్ చూపు దాని మీదే నిలిచింది.

“సిగరెట్టేగా అది?”

“కాదంకుల్, ఆవిరి. జలుబు చేస్తే పట్టమూ? అలాంటిదే.”

“మీ కంప్యూటరోళ్ళు పొగకి కూడా కొత్త మోడల్ తెచ్చారు లా,” అని ఇక్కడివాళ్ళ ఊతపదం తగిలించి నవ్వి, చెయ్యి చాపారు.

ఆయనకు అది అక్కర్లేదు. నాకే తోడు దొంగ కావలసి వచ్చింది. మరుసటి నెల ఆయనకూ ఒకటి తెప్పించి నా చేత్తో ఇచ్చాను.

ఆంటీకీ అదే మాట చెప్పాం. చిన్నప్పుడు తల్లి పసుపు నీళ్ళతో ఆవిరి పట్టించిన మనిషి, ఇట్టే నమ్మారు. దాన్ని రోజూ గుడ్డతో తుడిచి మందుల డబ్బాలో ఇన్‌హేలర్ పక్కన పెట్టేవారు. “ఏమయ్యా, మకాన్ అయ్యింది, ఆవిరి పట్టలేదే?” అని భోజనం కాగానే ఆవిడే గుర్తుచేస్తుంటే, నేను తల వంచుకుని కాఫీ తాగేవాణ్ణి.

కొన్ని నెలలకు ఆయన ఆసుపత్రిలో చేరారు. పొగ తాగుతారా అని డాక్టరు అడిగారు.

“నో లా, డాక్టర్. టూ ఇయర్స్ ఆల్రెడీ. వన్ స్టిక్ ఆల్సో నో,” అన్నారు ఆంటీ గర్వంగా. నావైపు తిరిగి, “నువ్వూ చెప్పు బాబూ,” అన్నారు.

ముఖానికి మాస్కుతో అంకుల్ నన్నే చూస్తున్నారు. మాట్లాడే ఊపిరి ఆయనకు లేదు. నాకుంది. కానీ నిజం చెబితే అది ఎక్కడిదని అడుగుతారు, నా ఉద్యోగం పోతుంది, పిల్లల చదువు సగంలో ఆగిపోతుంది. ఇన్ని ఆలోచించుకుని, “అవును డాక్టర్, మానేశారు,” అన్నాను.

ఆయన ఇంటికొచ్చారు. ఆంటీ శ్రద్ధగా రోజుకు మరో రెండుసార్లు ఆవిరి పట్టించారు. వానలు ముగియకముందే ఆయన పోయారు. ఆ రోజు నిజం చెప్పుంటే బతికేవారో లేదో నాకు తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేశాను.

పెద్దకర్మ నాడు ఆంటీ దాన్ని తుడిచి నా చేతిలో పెట్టారు.

“నువ్వూ దగ్గుతున్నావు కదా బాబూ. నీ మిషను నువ్వే ఉంచుకో. ఆయనకెంత హాయిగా ఉండేదో.”

అప్పుడైనా చెప్పాల్సింది. తీసుకున్నాను. లిఫ్టు దిగి, బ్లాకు కింద సిమెంటు బల్ల మీద కూర్చుని మీట నొక్కాను. నిండా ఛార్జింగ్ ఉంది. ఆయన పోయాక కూడా ఆవిడే పెట్టి ఉంటారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, పీల్చాను.